చెవిలో చెప్పిన మాట

ఆమె నాతో అన్న మొట్టమొదటి మాట, "ఆ నిద్ర జోకు తీసేయండి."

నమస్కారం కూడా లేదు. వానలో తడిసిన గొడుగు తెచ్చి నా టేబుల్ మీదే పెట్టింది. పొద్దున్నుంచీ నేను రాసిన జోకులన్నీ తడిసి ముద్దయిపోయాయి.

"కూర్చోండి. గొడుగు ఎలాగూ కూర్చుంది," అన్నాను.

నవ్వలేదు. నవ్వకపోవడం వాళ్ళింట్లో వంశపారంపర్యం కాబోలు అనుకున్నాను. ఎందుకంటే ఈమె ఒక పార్టీ నాయకురాలికి పీఏ మాత్రమే కాదు, సొంత చెల్లెలి కూతురు కూడా. ఆ నాయకురాలు నలుగురిలో నవ్వగా ఎవరూ చూడలేదు. ఎన్నికలు నెత్తిమీదికొచ్చాయి, జనం ఆవిడను రాతిబొమ్మ అంటున్నారు. అందుకే ఈ అమ్మాయి సలహాదారులందరితో పోట్లాడి, పెద్దమ్మను మా కామెడీ షోకి ఒప్పించింది. ఆ షోకి జోకులు రాసేది నేనే.

"సభలో ఆవిడ కునుకు తీసిన వీడియో లోకమంతా చూసింది. అడక్కపోతే మేం భయపడ్డామంటారు," అన్నాను.

"ముందురోజు రాత్రంతా, అప్పటికింకా ఆసుపత్రిలో ఉన్న మా అమ్మ పక్కన కూర్చుంది. అందుకే కునుకు పట్టింది."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా! జనం కరిగిపోతారు."

"ఇంటి బాధ చూపించి ఓట్లడగదు మా పెద్దమ్మ. అడిగించనని మాటివ్వండి."

ఆ గొంతులో కోపం ఉంది, దాని వెనక దిగులూ ఉంది. కాదనడం నాకు చేతకాలేదు. మాటిచ్చేశాను.

ఆ వారమంతా షో పని పేరు చెప్పి ఫోన్లు.

"మీ మేడమ్‌కి ఏ రంగు కుర్చీ ఇష్టమండీ?"

"రాజకీయ నాయకురాలండీ. కుర్చీ ఏదైనా ఇష్టమే."

అదీ ఆమె వేసిన మొదటి జోకు. ఫోన్ పెట్టేశాక కూడా ఒక్కణ్ణే నవ్వుకుంటూ కూర్చున్నాను. మర్నాటి నుంచి కారణాలు వెతుక్కుని మరీ ఫోన్ చేశాను. కుర్చీ రంగు మాత్రం తేలలేదు.

మా షో టీవీలో రాత్రి పొద్దుపోయాక వస్తుంది గానీ, రికార్డింగ్ సాయంత్రమే. ఒక్క ముక్క కత్తిరించకుండా వెయ్యాలన్నది ఆమె పెట్టిన షరతు. మా యాంకర్ చెవిలో చిన్న ఇయర్‌ఫోన్ ఉంటుంది. కంట్రోల్ రూమ్‌లో నేను బటన్ నొక్కి ఏదంటే అది అతను ఆలోచించకుండా అనేస్తాడు. అందుకే చాటుగా అతన్ని చిలక అంటాం. బటన్ నొక్కితే ఎర్రలైటు వెలుగుతుంది. మళ్ళీ నొక్కేదాకా నా మాటలన్నీ చిలక చెవిలోకే పోతాయి.

ఇంటర్వ్యూ మొదలైంది.

"తీరిక దొరికితే ఏం చేస్తారు మేడమ్?"

"దొరకదు."

"ఇష్టమైన సినిమా?"

"చూడను."

ప్రేక్షకుల్లో ఎవరో దగ్గారు. బయట వాన పడుతోంది కదా అని, "వానంటే ఇష్టమేనా మేడమ్?" అన్న ప్రశ్న చిలక చెవిలో వేశాను. ఆవిడ పంటలకి వాన ఎంత అవసరమో చెప్పడం మొదలుపెట్టారు. ముందు వరుసలో ఒకాయన ఆవలించాడు.

నా పక్కన నిలబడ్డ ఆమె మొహం పాలిపోయింది.

"అంతా నావల్లే. రాతిబొమ్మ అన్నవాళ్ళదే నిజమైంది. రేపే ఉద్యోగం మానేస్తాను." తల వంచుకుని, "మీ నిద్ర జోకే అడిగించండి," అంది.

జోకు నా నాలుక చివరే ఉంది. ఒక్క మాటతో షో లేచి నిలబడుతుంది. కానీ ఆమె భయంతో అడుగుతోంది. రేపు తెల్లారాక నన్ను క్షమించినా, తనను తాను క్షమించుకోలేదు.

"అడిగించను. షో పోతే పోనీ. మీకిచ్చిన మాట పోనివ్వను," అన్నాను.

ఆమె తలెత్తి చూసింది. ఆ చూపుకి నాకు ఎక్కడలేని ధైర్యం వచ్చింది. "మీరు కోప్పడితే నాకు నిద్ర పట్టదండీ. షో అయ్యాక నాతో కాఫీకి వస్తారా?"

సరిగ్గా అప్పుడే ఆవిడ పంటల సంగతి ముగించారు. చిలక చిరునవ్వుతో ముందుకు వంగాడు.

"మీరు కోప్పడితే నాకు నిద్ర పట్టదండీ. షో అయ్యాక నాతో కాఫీకి వస్తారా?"

హాలంతా బిగుసుకుపోయింది. అప్పుడు చూశాను, ఎర్రలైటు. వాన ప్రశ్న తర్వాత ఆర్పడం మర్చిపోయాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆవిడ చిలకను ఎగాదిగా చూశారు.

"నిద్ర పట్టకపోతే మా సభకి రా నాయనా. అక్కడ నాకే పట్టేసింది."

క్షణం తర్వాత హాలు గొల్లుమంది. ఆవిడా నవ్వారు. నవ్వితే బుగ్గన సొట్ట పడింది. పక్కకి తిరిగి చూస్తే, కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్న ఈ అమ్మాయి బుగ్గనా అదే సొట్ట.

"క్షమించండి మేడమ్, అది నా మాట కాదు. చెవిలో పడింది," అన్నాడు చిలక, చెమటలు కక్కుతూ.

"తెలుసులే. వారం నుంచీ మా ఇంట్లో ఒకమ్మాయి ఫోన్ పట్టుకుని కుర్చీ రంగుల గురించే మాట్లాడుతోంది." ఆవిడ తన కింది కుర్చీని తట్టి చూశారు. "ఇంతా చేసి ఈ నల్లకుర్చీయేనా?"

చప్పట్లు ఆగడానికి చాలాసేపు పట్టింది.

"కాఫీకి నాకు తీరిక లేదు గానీ, ఆ అమ్మాయికి ఈ సాయంత్రం సెలవు," అన్నారావిడ, తిన్నగా కెమెరాలోకి చూస్తూ. "ఇంటి దగ్గర దింపినప్పుడు అతన్ని గుమ్మంలోంచే పంపించెయ్యొద్దనండి. వాళ్ళమ్మా చూడాలి, నేనూ చూడాలి."

ఆమె చెవుల దాకా ఎర్రబడింది.

"విన్నారుగా? మరి వస్తారా?" అన్నాను.

ఇంకా వెలుగుతున్న ఎర్రలైటు కేసి చూసింది. నా చెయ్యి పక్కకి నెట్టి, తనే బటన్ నొక్కింది. ఎర్రలైటు ఆరిపోయింది.

"ఇప్పుడడగండి," అంది.