వంతెన కాడ సైడ్ ఇచ్చినోడు

మా తమ్ముడు లస్మయ్య అస్తికల ముంతను వాని కొడుకు యుగేందర్ కారు వెనక సీట్ల, డ్రైవర్ ఎనుక పక్కకు కూసోబెట్టి సీటు బెల్టు కట్టిండు. కట్టకపోతే కారు ఒకటే మొత్తుకుంటదట.

"బతికున్నన్ని రోజులు బెల్టు పెట్టుకోలే మీ నాయిన" అన్న నేను.

యుగేందర్ బెల్టును ఇంకోసారి గుంజి చూసిండు. వాడు హన్మకొండల సెల్‌ఫోన్ల దుకాణం నడుపుతడు. స్టేషన్ ఘన్‌పూర్‌ల ఆ ఇంటి ముంగట ఇంకా తెల్లారలే. మరదలు చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కారు కాడికి వచ్చింది.

"బావా, పదహారేండ్లాయె మీరు ఆయనతోటి మాట్లాడక. గోదారిల కలిపే ముంగటన్నా ఒక్క మాట మాట్లాడుండ్రి."

"నిజం చెప్పిననాడు మాట్లాడుత అన్న. చెప్పకుండనే పోయిండు. అది నా తప్పా?"

పెద్దోన్ని, కాళేశ్వరం దాక పోవుడు నా బాధ్యత. అందుకే కారెక్కిన. ప్రేమ పొంగి కాదు.

నా కోపం సంగతి ముందుగాల చెప్పాలె. పదహారేండ్ల కింద మాకు రెండు లారీలుండె. ఒకటి లస్మయ్య నడిపేది, ఒకటి నేను. నాతోటి మార్చి మార్చి నడిపే జోడు డ్రైవర్ జాల్యా. మహబూబాబాద్ దిక్కు తండా మనిషి, ముగ్గురు బిడ్డల తండ్రి. ఒకనాడు పొద్దుగాల చిట్యాల దిక్కు వాగు వంతెన కాడ కంటికి చెయ్యి కనపడనంత మంచు. ముంగట లస్మయ్య లారీ. కుడి పక్క ఇండికేటర్ కొట్టింది. లారోళ్లల్ల దానికి ఒకటే అర్థం. ముంగట ఖాళీగున్నది, దాటిపో అని. సొంత తమ్ముడు సైడ్ ఇస్తే దాటనా? దాటిన. ఎదురుంగ బొగ్గు టిప్పర్ వచ్చింది. స్టీరింగ్ ఎడమకు కోసిన. జాల్యా కూసున్న దిక్కు వంతెన గోడకు కొట్టుకున్నది. జాల్యా మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే పోయిండు.

పోలీసుల ముంగట, పంచాయితీల, లస్మయ్యది ఒకటే మాట. "అన్నా, నేను సైడ్ ఇయ్యలే."

నా కండ్లతోటి చూసిన నేను. ఎలిగి ఆరింది, ఎలిగి ఆరింది. జాల్యా పెండ్లాం యాకమ్మ కాడికి పోయి, నీ మొగన్ని సంపింది నా తమ్ముడేనని నేనే చెప్పిన. ఆమె గదే నమ్మి బతుకుతున్నది.

పరకాల దాటినంక మంచు మొదలైంది. యుగేందర్ స్టీరింగ్ మీదికెల్లి చేతులు తీసి తొడల మీద పెట్టుకున్నడు.

"ఏందిరా అది?"

"అదే చూసుకుంటది పెద్దబాపు. ముంగట బండి ఉంటే దాని ఎనుకనే పోతది, ఆగితే ఆగుతది." వేలితోటి తెర చూపెట్టిండు. "ఈ బొమ్మలు నా కారుకు రావు. ఖరీదు కారుకే ఇస్తరు. విక్రమ్ అని నా దోస్తు లాప్‌టాప్ పెట్టి, లోపల దాచినయన్ని తెరిచిండు. చుట్టుపక్కల బండ్లు కనపడుతయి, వాటి లైట్లు గూడ."

"దాచినోడు ఎందుకు దాచిండో అడిగినార్రా?"

"మీరు ఊకోండ్రి పెద్దబాపు. మనిషి కన్ను మోసం చేస్తది గని ఇది చెయ్యది."

ఆ మాట నన్నే అన్నడు. ఎరికైంది నాకు. వాళ్ల నాయిన కొడుకే.

నాకు అక్షరాలు కూడబలుక్కుంటే గని రావు. బొమ్మలు మాత్రం తెలుస్తయి. తెర మీద మా కారు బొమ్మ, రెండు దిక్కుల తెల్ల గీతలు. అప్పుడప్పుడు ఒక మోటార్‌సైకిల్ బొమ్మ వచ్చిపోయేది. బయట చూస్తే నిజంగనే మోటార్‌సైకిల్. సరేలె అనుకున్న.

చిట్యాల దిక్కు వచ్చేసరికి బయట ఏం లేదు. తెల్లగ, పాలు ఒలకబోసినట్టు. తడిసిన గడ్డి వాసన. ఎక్కడో బొగ్గు పొయ్యి వాసన. కారు అద్దాల మీద నీళ్లు కారుతున్నయి. అప్పుడు తెర మీదికి లారీ బొమ్మ వచ్చింది.

మా ముంగటనే. కారు నిమ్మలమైంది. దాని ఎనుక తాడు కట్టినట్టు పోవట్టింది.

నేను కిటికీ దించిన. ముప్పై ఒక్క ఏండ్లు లారీ తోలినోన్ని. ముంగట లారీ ఉంటే కంటి కన్న ముందు ముక్కుకు తెలుస్తది. డీజిల్ వాసన లేదు. టైర్ల కింద నీళ్ల చప్పుడు లేదు. ఎర్ర లైటు లేదు.

"యుగేందర్... ముంగట ఏం లేదురా."

"తెర మీద ఉన్నది గద పెద్దబాపు."

"బయట చూడు."

"మంచుల మనకు కనపడది. దానికి కనపడతది."

వంతెన వచ్చింది. చక్రాల కింద సందులు తగిలి టక్, టక్ అన్నయి. ఈ పదహారేండ్లల్ల ఈ తొవ్వల రాలే గని, ఆ చప్పుడు నా ఒంటికి గుర్తున్నది. లారీ బొమ్మ నెమ్మదించింది. మేము నెమ్మదించినం.

బొమ్మకు కుడి పక్క పసుపు రంగు ఎలిగింది. ఆరింది. ఎలిగింది.

"సైడ్ ఇస్తున్నడు" అన్నడు యుగేందర్. చెయ్యి స్టీరింగ్ మీదికి పోయింది.

మెల్లగ ఎనుకకు తిరిగి చూసిన. బెల్టు కట్టుకొని ముంత ఉన్నకాన్నే ఉన్నది.

లస్మయ్య ఈడున్నడు... మరి ముంగట ఎవడు?

"ఆపు."

"పెద్దబాపు, ఖాళీగున్నది..."

"ఆపుమన్ననా! ఆ బొమ్మ మాట ఇనకు. నా మాట ఇను."

కసిరిన కసురుకు బ్రేకు తొక్కిండు. అప్పుడొచ్చింది, కుడి పక్కకెల్లి, మంచును చీల్చుకుంట బొగ్గు టిప్పర్. దాని గాలికి మా కారు ఊగింది. తెర మీద ఆ టిప్పర్ బొమ్మ ఒక్క నిమిషం గూడ పడలే.

లారీ బొమ్మ మాత్రం కదలలే. ఎలిగింది. ఆరింది.

నాకు భయం కాలే అంటే అబద్ధం. గని భయం కన్న మంట ఎక్కువైంది. చేతికర్ర పట్టుకొని దిగిన. కారు ముంగటికి నడిచి, లేని లారీని కర్రతోటి కొట్టిన. గాలే.

"ఎవడ్రా నువ్వు? మల్ల ఇయ్యి సైడ్, చూస్త!"

ఎనుకకెల్లి యుగేందర్ గొంతు, ఏడుపు లెక్క.

"పెద్దబాపు... ఎనుకకు రండ్రి... మీరు దాని లోపల నిలబడ్డరు..."

నిలబడితే నిలబడ్డ. లోపల సలి ఎక్కువున్నది, అంతే. పది లెక్కపెట్టి, నిమ్మలంగ నడిచి వచ్చి కూసున్న.

కాళేశ్వరంల ముంతకు కట్టిన బెల్టు నేనే ఇప్పిన. నేనే నీళ్ల దాక మోసిన. నువ్వు నిజంగనే ఇయ్యలేదారా అని అడుగుదామని నాలుక దాక వచ్చింది. మింగిన. బూడిద కొంచెంసేపు నీళ్ల మీద నిలబడి పోయింది.

తిరుగు తొవ్వల మిట్ట మధ్యాహ్నం. ఎండ కండ్లల్ల గుచ్చుతున్నది. యుగేందర్ విక్రమ్‌కు ఫోన్ చేసి, వాడు చెప్పినట్టు నొక్కి, తెరిచినయన్ని బంద్ పెట్టిండు. తెర నల్లగున్నది. రెండు చేతులతోటి స్టీరింగ్ పట్టుకొని, నేను చెప్పినట్టు నడుపుతున్నడు. మా ఎనుక మక్కల బస్తాల లారీ ఒకటి.

వంతెన ఎక్కినం. టక్, టక్.

ఆ ఎనుకనే ఇంకో చప్పుడు. టిక్... టిక్... టిక్...

మా కారు కుడి ఇండికేటర్.

యుగేందర్ చేతులు చూసిన. రెండూ స్టీరింగ్ మీదనే ఉన్నయి. మీట కిందికి మీదికి కొడుతున్నడు, అది ఆగుత లేదు. ఎనుక లారీ హారన్ కొట్టి కుడికి బయటపడ్డది. ఎదురుంగ ఆర్టీసీ బస్సు. ఫుట్‌బోర్డు దాక జనం.

నేను నా కిటికీలకెల్లి ఎడమ చెయ్యి బయటికి చాపి అరిచిన. ఆగు... ఆగు...

లారీ టైర్లు కీచుమన్నయి. మల్ల మా ఎనుకకు చేరింది. బస్సు ఎల్లిపోయింది. రెండు బండ్లు వంతెన అవతల ఆగినయి. లారీ డ్రైవర్ దిగి మా మీదికి ఉరికొచ్చిండు.

"సైడ్ ఇచ్చేది మీరే, ఆగుమనేది మీరే! తాగి నడుపుతున్నార్రా?"

యుగేందర్ కారు బంద్ చేసి దిగిండు.

"అన్నా, నేను సైడ్ ఇయ్యలే."

అదే మాట. అదే గొంతు. కారు పట్టుకొని నిలబడ్డ.

"వాడు ఇయ్యలే" అన్న నేను. "నేను చూసిన. వాడు ఇయ్యలే."

పదహారేండ్ల కింద అనాల్సిన మాట. యాకమ్మ ముంగట గూడ అనాలె. రేపే తండాకు పోత. తిడితే పడుత.

లారాయన మా మొఖాలు చూసి చల్లబడ్డడు. "సరే పోనియ్యి కాకా. ఆ చెయ్యి బయట పెట్టకుంటే అందరం పోతుంటిమి."

"నా చెయ్యి కనపడ్డదా నీకు?"

"నువ్వు ఎడమ దిక్కుంటివి, నీది నాకెట్ల కనపడతది? డ్రైవర్ ఎనుక కూసున్నాయన. సగం మనిషి బయటికొచ్చి ఊపిండు." కారు లోపలికి వంగి చూసిండు. "ఏడి, ఆయన?"

ఎనుక కిటికీ అద్దం మీది దాక మూసి ఉన్నది. సీటు ఖాళీ. కాళేశ్వరంల నేను ఇప్పిన బెల్టు మల్ల పెట్టి ఉన్నది.

లారాయన ఎనుకకు తగ్గిండు. గబగబ పోయిండు.

ఎనుక కూసున్నది నా తమ్ముడైతే కూసోనీ. వాడు నావాడు. నాకు వానితోటి భయం లేదు. మరి ముంగట మీట కాడ కూసున్నది ఎవడు?

తాళంచెవి యుగేందర్ చేతుల ఉన్నది. ఇంజన్ బంద్ ఉన్నది.

టిక్... టిక్... టిక్...

"కొట్టుకో" అన్న నేను. "నీ సైడ్ నాకు అక్కర లేదు."

కారును ఆడనే ఇడిసిపెట్టి, కర్ర పట్టుకొని, యుగేందర్‌ను ఎంట తీసుకొని నడిచిన. చానా దూరం పోయినంక గూడ ఆ చప్పుడు మా ఎనుక అంతే దగ్గర్ల ఇనపడ్డది.