మూడో ముద్దు

ఆబిన్ మూడో ముద్దు గాలికి పెట్టాడు.

ఫ్రాన్స్‌లో వాండే తీరంలోని ఆ ఊళ్ళో ఎవరు ఎదురైనా బుగ్గకు బుగ్గ ఆనించి నాలుగు ముద్దులు పెట్టాల్సిందే. పారిస్ నుంచి సెలవులకు వచ్చి, ఆబిన్ వాళ్ళ నానమ్మ మేడమీది గది అద్దెకు తీసుకున్న ఓరియాన్‌కి రెండే అలవాటు. రెండు కాగానే తల తిప్పేసింది. ఇతగాడు మెడ చాచి కొంగలా నిలబడిపోయాడు.

"అంత తొందరేంటండీ, ఇంకా రెండున్నాయి."

"మా పారిస్‌లో సగంతోనే సరండీ. మీలా తీరిక ఎక్కడిది?"

అలా మొదలైంది. సముద్రం పాటు తీసి వెనక్కి తగ్గిన పూటల్లా ఆబిన్ ట్రాక్టర్ మీద ఆల్చిప్పలు పెంచే మళ్ళకు బయల్దేరితే ఆమె పక్కన ఎక్కేసేది. బురదలో బూటు దిగబడితే అతన్నే తిట్టేది. పచ్చి ఆల్చిప్ప చూసి మొదట మొహం చిట్లించి, ఆనక పళ్ళెం ఖాళీ చేసేది. మీరు కాస్తా నువ్వయింది. బేకరీ ఆవిడకీ పోస్ట్‌మ్యాన్‌కీ కూడా లెక్క తప్పకుండా నాలుగూ పెట్టడం నేర్చుకుంది. ఊరంతా మురిసిపోయింది.

మనసులో మాట చెప్పి చావరా అని నానమ్మ పోరు పెడుతూనే ఉంది. రైలెక్కించేటప్పుడు చెబుతానని ఆబిన్ దాటేస్తూ వచ్చాడు.

ప్లాట్‌ఫాం మీద ఓరియాన్ బుగ్గ చాపింది. ఒకటి, రెండు. వాళ్ళ ఊరికి పోతున్న పిల్ల, వాళ్ళ పద్ధతే పాటిద్దామని ఆబిన్ మర్యాదగా వెనక్కి తగ్గాడు. ఆమె ఇంకా కళ్ళు మూసుకునే ఉంది. తెరిచేసరికి మొహం వాడిపోయి ఉంది. "సరే అయితే, ఉంటాను" అని రైలెక్కేసింది. అప్పుడే పారిస్ మనిషిగా మారిపోయిందనుకున్నాడు వెర్రివాడు. గొంతుదాకా వచ్చిన మాట మింగేశాడు. ఆ చలికాలమంతా ఫోన్ తీయడం, పెట్టేయడం.

మళ్ళీ వేసవికి వచ్చింది. వేలికి ఉంగరం, కారులో కాబోయే మొగుడు. అతన్ని అక్కడే ఉండమని, ఆల్చిప్పల కోసం ఒక్కతే ఆబిన్ కొట్టు దగ్గరికి వచ్చింది.

"ఒక్కటి అడగనా? ఊరందరికీ నాలుగు, ఆ రోజు స్టేషన్లో నాకు మాత్రం రెండేనా? నన్ను మళ్ళీ టూరిస్టుని చేసేశావనుకున్నాను."

ఆల్చిప్పలు తెరుస్తున్న ఆబిన్ కత్తి ఆగిపోయింది. "మీ పద్ధతి కదా అని..."

"నేను మీది నేర్చుకున్నాగా, పిచ్చోడా. మూడోది పెట్టుంటే రైలెక్కేదాన్నే కాదు."

ఇద్దరికీ నవ్వొచ్చింది. తర్వాత ఎటు చూడాలో తెలియలేదు. కారు హారన్ మోగింది. ఆమె బల్ల చుట్టూ తిరిగి వచ్చి బుగ్గ చాపింది. ఈసారి ఆబిన్ నాలుగూ పెట్టాడు. ఎంత మెల్లగా పెట్టినా నాలుగూ అయిపోయాయి.

కారు ఉప్పుమళ్ళ పక్కగా మలుపు తిరిగింది. ఎవర్రా వచ్చిందని నానమ్మ లోపల్నుంచి కేకేసింది.

"టూరిస్టులే, నానమ్మా" అన్నాడు ఆబిన్.