తెరబండ మీద గజ్జెలు

అనంతపురం ఊరి బయట, యూనివర్సిటీ ప్రహరీ ఆఖరి మలుపు తిరిగాక, ఒక రాతి అరుగు ఉంది. రంగస్థల కళల శాఖ పెట్టిన కొత్తలో, విద్యార్థులు ఆరుబయట నాటకాలు ఆడుకోడానికని కట్టించిన వేదిక అది. కాగితాల మీద దానికి పెద్ద పేరేదో ఉండే ఉంటుంది. పిల్లలు మాత్రం తెరబండ అనేవాళ్లు. పొద్దు గూకాక ఆ వైపు కుక్క కూడా పోదని చెప్పుకునేవాళ్లు. కుక్కలు పోతూనే ఉండేవి లెండి... వాటికి ఆ బండ చరిత్ర ఎవరు చెప్పారు గనక?

చరిత్ర ఏమిటంటే – సువర్ణ అని ధర్మవరం పిల్ల. పట్టుచీరలు నేసే ఇంట్లో పుట్టింది. ఇంట్లోవాళ్లతో పోట్లాడి వచ్చి ఆ శాఖలో చేరింది. ఎం.ఏ. ఆఖరి పరీక్ష కింద ఆ బండ మీద వీధినాటకం ఆడుతున్నారు.

వీధినాటకంలో పాత్ర ఊరికే నడిచి రాదు. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. దాని వెనక పాత్ర గజ్జె కట్టి చిందేస్తుంది. జనానికి కింద పాదాలు మాత్రం కనిపిస్తాయి. అప్పుడు హాస్యగాడు ముందుకొచ్చి ‘ఎవరమ్మా నువ్వు?’ అని అడగాలి. అడిగితేనే పాత్ర పేరు చెబుతుంది, తెర దిగుతుంది. అడగకపోతే ఎంతసేపైనా తెర వెనకే.

సువర్ణ తెర వెనక ఉండగానే వాళ్ల నాయన బండ ఎక్కాడు. హాస్యగాడు నోరు తెరిచేలోపల, కాళ్లకు గజ్జెలు ఉండగానే, జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోయాడు. మేళం ఆగిపోయింది. తెర పట్టినవాళ్లు తెర పట్టినట్టే నిలబడిపోయారు. మాస్టర్లు, పెద్దమనుషులు, చదువుకున్నవాళ్లు – అందరూ కూర్చుని చూశారు.

నెల తిరక్కముందే కబురు వచ్చింది... సువర్ణ పోయింది.

క్లాస్‌మేట్ ఒకడు నమ్మలేక ధర్మవరం పోయి చూసొచ్చాడు. గోడకు ఫొటో, ఫొటోకు దండ, ముందర దీపం. ఇంకేం అడుగుతాడు? గడప బయటి నుంచే తిరిగొచ్చేశాడు.

మరుసటి ఏడు నుంచి మొదలైంది. ఎప్పుడో ఒక చీకటి రాత్రి, బండ మీద తెల్లటి గుడ్డ ఒకటి లేచి నిలబడేది. కింద పాదాలు... గజ్జెల చప్పుడు. చూసినవాడు చెప్పులు వదిలి పరుగు. ఒకడికైతే వారం జ్వరం. వాచ్‌మన్ లక్ష్మన్న తాయెత్తు కట్టించుకుని, ఆ వైపు గస్తీకి పోవడమే మానేశాడు.

దెయ్యం మగపిల్లల్ని జడిపించి వదిలేసింది గానీ, నష్టం చేసింది మాత్రం ఆడపిల్లలకే. చీకటి పడ్డాక ఆడపిల్లలు బండ వైపు పోరాదని రూలు పెట్టారు. రిహార్సల్సు జరిగేదేమో చీకటి పడ్డాకే. ఇంకేముంది, ఆడవేషాలు కూడా మగపిల్లలే మీసాలు గొరిగించుకుని కొట్టేశారు. ఏ దెయ్యం ఎవరికి చుట్టమో చూడండి!

రెండువేల మూడులో, వానలు మొహం చాటేసి వేరుశనగ చేలన్నీ ఎండుగడ్డిగా మారిన ఏడు, ఆ శాఖలో ఈశ్వరి అనే పిల్ల ఉండేది. గుమ్మఘట్ట రైతు బసప్ప కూతురు. మొహం మీద నవ్వు చెరగదు, నోటికి హద్దు లేదు. అందుకే హాస్యగాడి వేషం పట్టుబట్టి తీసుకుంది. మాస్టరు సరేనన్నాడు గానీ, పగటిపూట క్లాసు గదిలోనే సాధన చెయ్యాలన్నాడు. ఏడాది పొడుగునా చేసింది. హాస్టల్లో ట్యాంకరు నీళ్ల కోసం బిందె పట్టుకుని వరుసలో నిలబడినా అదే ప్రశ్న – ‘ఎవరమ్మా తల్లీ నువ్వు?’ వెనకున్న పిల్లలు నవ్వి చచ్చేవాళ్లు.

ఆఖరి ఆట వచ్చే వారమనగా ఊరి నుంచి ఫోను. నాయన గొంతు.

“మొగానికి రంగు పూసుకోని ఎగురుతాండావంట. ఊరంతా అంటాండాది. ఆదివారం పొద్దున వస్తాండా, మూట కట్టుకో. రాలేదంటే నాకు బిడ్డ లేనట్టే.”

పెట్టేశాడు.

శనివారం రాత్రి. మూట కట్టింది. విప్పింది. మళ్లీ కట్టింది. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఏడాది నేర్చుకున్న మాటను ఆ బండ మీద ఒక్కసారి కూడా అనకుండా ఊరికి పోవాలా? లేచింది. పక్క మంచం మీద మల్లీశ్వరికి మెలకువ వచ్చింది.

“యాడికే?”

“బండ కాడికి.”

“ఆడ దెయ్యం ఉండాది మే!”

“ఉండనీ. రేపు మా నాయన తీసకపోతే నేనూ దెయ్యం లెక్కనే. ఇద్దరం కూచోని మాట్లాడుకుంటాం.”

మాటైతే అనేసింది. గోడ దూకి, చీకట్లో నాలుగడుగులు వేశాక అడుగు నెమ్మదించింది. చంద్రుడు లేడు. తుమ్మచెట్లు, కాళ్ల కింద గరుగ్గా గులకరాళ్లు. చల్లటి గాలి విసురుగా కొట్టి... ఉన్నట్టుండి ఆగిపోయింది.

ఘల్.

నిలబడిపోయింది. తన చెప్పులేమో అనుకుంది. చెప్పులు ఘల్లుమనవు.

ఘల్... ఘల్...

బండ మీద మసక వెలుగు. ఆ వెలుగులో – తెల్లటి గుడ్డ ఒకటి నిలువునా లేచి ఉంది. పట్టిన చేతుల్లేవు. వేలాడదీసిన తాడు లేదు. గాలి లేదు, అయినా దాని అంచు వణుకుతోంది.

అంచు కింద రెండు పాదాలు.

ఈశ్వరి కాళ్లు పరుగెత్తమంటున్నాయి, కళ్లు కదలనంటున్నాయి. పాదాలు కుడికి జరిగాయి. ఎడమకు జరిగాయి. గిర్రున తిరిగి, తాళం తప్పకుండా ముందుకొచ్చి... టక్కున ఆగాయి.

ఊరకే ఉన్నాయి.

మళ్లీ మొదటి నుంచి. కుడికి, ఎడమకు, తిరిగి, ముందుకొచ్చి... ఆగాయి.

ఆ ఆగడం ఈశ్వరికి తెలుసు. తాను నోరు తెరవాల్సిన చోటు అది.

ఇన్నేళ్లుగా ఇది ఈడ్నే ఆగుతాంది, అనుకుంది. చూసిన ప్రతివాడూ నాటకం చదువుకున్నవాడే. ప్రతివాడూ సరిగ్గా ఇక్కడే పరుగు తీశాడు. భయం ఎటు పోయిందో గానీ, దాని చోట్లోకి మంట వచ్చి కూర్చుంది. ఈడ్చుకుపోయిన తండ్రి మీద, కూర్చుని చూసినవాళ్ల మీద, రేపు పొద్దున బస్సు దిగబోయే తన నాయన మీద కూడా.

బండ ఎక్కింది. పాదాలు మళ్లీ తిరిగి వచ్చి ఆగాయి.

“ఎవరమ్మా తల్లీ నువ్వు?” మెల్లగా అంది. “ఏ ఊరు... ఏ పేరు... ఏ పని మీద ఈ సభకు వచ్చినావు?”

తెర ఉలిక్కిపడింది.

ఆ తర్వాత తెర వెనక నుంచి, గుసగుసగా –

“మళ్లా అడుగు.”

ఈశ్వరి పళ్లు బిగించింది. ఈసారి తుమ్మచెట్ల దాకా వినపడేలా అడిగింది.

“ఎవరమ్మా తల్లీ నువ్వు!”

తెర దిగింది.

వెనక ఒక మామూలు నూలుచీర మనిషి. రొప్పుతోంది. నుదుటి చెమట కళ్లలోకి కారుతోంది, తుడుచుకోవడం లేదు. వెనక నేల మీద చిన్న లాంతరు. రెండు పక్కలా నల్ల చొక్కాలు వేసుకున్న ఇద్దరు మగవాళ్లు, చేతుల నిండా నల్లగుడ్డ చుట్టుకుని తెర కొసలు పట్టుకుని ఉన్నారు.

“సువర్ణ,” అంది ఆ మనిషి. “ధర్మవరం. ఎవురూ పంపిస్తే రాలేదు, నేనే వచ్చినా.”

ఈశ్వరి ఆమె పాదాల కేసి, మొహం కేసి మార్చి మార్చి చూసింది.

“నువ్వు... చచ్చిపోయినావంట కదక్కా?”

“చచ్చినా కదా. మా నాయన తలంటు పోసుకోని, నీళ్లొదిలి, దినం కూడా పెట్టినాడు.” సువర్ణ బండ మీద కూలబడి గజ్జెలు వదులు చేసుకుంది. “వాళ్లు నాకు లగ్గం పెట్టుకుంటే రాత్రికి రాత్రి బళ్లారికి పారిపోయినా. తెల్లారి నా ఫొటోకి దండ ఏసినారు. నా దినం వడలు వీధి వీధంతా తినింది. తినంది నేనొక్కదాన్నే.”

ఆ ఇద్దరూ నవ్వారు. తిప్పన్న, ఉదయ్ కుమార్. ఆ రోజు తెర పట్టినవాళ్లే. డిగ్రీలు చేతికొచ్చినా ఉద్యోగాలు రాలేదు. ఆమె బతికే ఉందని తెలిసి, వెతుక్కుంటూ పోయి, ముగ్గురూ కలిసి మేళం కట్టారట. కర్ణాటక పల్లెల్లో ఆడుతున్నారట.

“కొత్త ఆట ఎత్తుకున్నప్పుడల్లా మొదటి తెర ఈడ్నే పడతాం,” అన్నాడు తిప్పన్న మెల్లగా. “ఆపింది ఈడ్నే కదా.”

“మొదట్లో శానా ఏడ్చినా మే,” అంది సువర్ణ. “తర్వాత తెలిసొచ్చె. బతికుంటే నాయన అడ్డం, అన్న అడ్డం, ఊరు అడ్డం. చచ్చినదానికి ఎవురు అడ్డమొస్తారు? కానీ ఒకటి మాత్రం కడుపులో ఉండిపోయింది. ఇంతమంది చూసినారు, ఇంతమంది ఉరికినారు. ‘ఎవురు నువ్వు’ అని ఒక్కరన్నా అడగల్యా. నువ్వే అడిగినావు.”

లేచి గజ్జెలు మళ్లీ బిగించుకుంది. ఆ రాత్రి తెల్లవారేదాకా ఒకళ్లు అడుగుతూ, ఒకళ్లు చెబుతూ ఆ ప్రవేశాన్ని ఎన్నిసార్లు ఆడారో లెక్కలేదు. దూరాన హాస్టల్ కిటికీలు టపటపా మూసుకున్నాయంట.

పొద్దున్నే బసప్ప గేటు దగ్గరికి వచ్చాడు. భుజం మీద తువాలు, కళ్లలో నిద్రలేని ఎరుపు.

“మూటేదీ? నడువు.”

“రాను నాయనా. వచ్చే వారం ఆట ఉండాది.”

“నలుగురిలో తల ఎత్తుకోని తిరగల్లా వద్దా నేను?”

“తిరుగు నాయనా. నేనేం తప్పు చేసినా?”

బసప్ప గొంతు పెంచాడు. దారిన పోయే పిల్లలు ఆగి చూశారు.

“అయితే నువ్వు చచ్చినట్టే! ఇంటికి పొయ్యి నీళ్లొదులుతా. దినం పెడతా, ఊరందరికీ కూడు పెడతా!”

రాత్రంతా ఎగిరిన దుమ్ము ఇంకా ఆ పిల్ల పాదాల మీదే ఉంది. జుట్టు చెదిరి ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నవ్వుతోంది.

“పెట్టు నాయనా. ఏ పొద్దో కబురు మాత్రం చెయ్. వడలు తినేకి నేనూ వస్తా.”

బసప్ప రెండడుగులు వెనక్కి వేశాడు. పట్టపగలు, అంతమందిలో దెయ్యాన్ని చూసినవాడు మా జిల్లాలో ఆయనొక్కడే అంటారు.