ఎదురుచెప్పే ఫలకం

2087లో విశాఖపట్నంలో ఎవరి బొమ్మ కావాలన్నా గోడను అడిగితే సరిపోయేది. ఇంటి గోడలకు పూసిన తెరపూత మనిషి వంక ఒక్కసారి చూసి, అడిగిన శైలిలో, రెప్పపాటులో బొమ్మ వేసేది. నచ్చకపోతే తుడిచేసి మరొకటి వేసేది. పెళ్ళిళ్ళలో అతిథులు చేతులు కడుక్కునేలోగా వాళ్ళ బొమ్మలన్నీ భోజనాల హాలు చుట్టూ వెలిసేవి. వాటిని రెండోసారి చూసినవాళ్ళు లేరు.

అయినా ఆ నగరంలో చేత్తో ముఖాలు గీసే మనిషి ఒకామె మిగిలింది. పేరు మండవ సంహిత. వయసు డెబ్బై నాలుగు. పదవీ విరమణ చేసే న్యాయమూర్తులు, వైస్ చాన్సలర్లు ఆమె ముందు పన్నెండు సార్లు వచ్చి కూర్చోవడాన్ని గౌరవంగా భావించేవారు. పన్నెండుకు ఒక్కటి తగ్గినా ఆమె ఒప్పుకునేది కాదు.

ఆమె తొమ్మిదో ఏట వీధిలో ఇస్త్రీ బండి దగ్గర ఏరుకున్న బొగ్గుముక్కలతో మొదలుపెట్టింది. బొగ్గు మంచి స్నేహితురాలు. ఎంత తప్పు గీసినా వేలితో తుడిస్తే నీడలా సర్దుకునేది. కాలేజీ రోజుల్లో నీటిరంగులు పట్టుకుంది. వాటికి ఓపిక లేదు. ఒక్క క్షణం ఆలోచిస్తే రంగు తన దారిన తాను పారిపోయేది. వాటితో పదేళ్ళు పోట్లాడి, ముప్ఫయ్యో ఏట నూనెరంగులకు వచ్చింది. ఒక బుగ్గమీద నెల రోజులు పనిచేసినా నూనెరంగు విసుక్కోలేదు. ముప్ఫయ్యేళ్ళ కాపురం అది. టర్పెంటైన్ ఆవిరికి ఊపిరితిత్తులు దెబ్బతినడంతో డాక్టర్లు ఆ కాపురం మాన్పించారు.

ఆ తర్వాత కాంతికుంచె వచ్చింది. వెలుగుతో గీసే ఆ పరికరంతో తొమ్మిదేళ్ళు బాగానే గడిచాయి. డెబ్బయ్యో ఏట ఆమె కుడిచేతికి వణుకు పట్టుకుంది. కాంతికుంచెలోని అల్గారిథమ్ ఆ వణుకును పసిగట్టి, ప్రతి గీతనూ తనంతట తానే సాపుచేయడం మొదలుపెట్టింది. ఒకరోజు తన బొమ్మను గోడబొమ్మ పక్కన పెట్టి చూసుకుంది సంహిత. తేడా కనిపించలేదు. కాంతికుంచెను డబ్బాలో పెట్టి మూత వేసేసింది. మళ్ళీ బొగ్గు పట్టి చూసింది. కన్ను గీయబోతే చెవి దాకా గీత సాగింది.

నాలుగేళ్ళు ఆమె ఏమీ గీయలేదు.

అప్పుడు వచ్చాడు డాక్టర్ బొడ్డేపల్లి నిహార్. నలభై మూడేళ్ళ న్యూరో ఇంజనీర్. చంకలో పుస్తకం అట్టంత తెల్లటి పలక ఒకటి, చేతిలో పల్చటి పట్టీ ఒకటి తెచ్చాడు.

"ఏటి బాబూ ఇది?" అంది సంహిత.

"మనోఫలకం అండి. ఈ పట్టీ తలకు కట్టుకోవాలి. ఇందులో సెన్సర్లున్నాయి. మీరు మనసులో ఏ ముఖం చూస్తున్నారో మెదడు వెనకభాగం, విజువల్ కార్టెక్స్ అంటామే, అక్కడి న్యూరాన్ల కదలికను బట్టి పట్టుకుంటాయి. ఈ పలకనిండా కంటికి కనపడని రేణువులు. ఒక్కో రేణువూ ఆ సంకేతాన్ని బట్టి రంగు మారుతుంది. చెయ్యి అక్కర్లేదు."

"చెయ్యి అక్కర్లేదా?"

"అక్కర్లేదమ్మా. మీరు చూస్తే చాలు."

 ఆమె తానే పట్టీ తీసుకుని తలకు కట్టుకుంది. అతణ్ణి ఎదురుగా కుర్చీలో కూర్చోమంది. అరగంట తదేకంగా చూసి, కళ్ళు మూసుకుంది.

పలక మీద బొమ్మ తేలింది. రెండు కళ్ళు, మీసం, పెదవుల గీత. బుగ్గల చోట బూడిదరంగు మరక. చెవులే లేవు. నుదురెక్కడ ముగిసి జుట్టెక్కడ మొదలైందో తెలియదు. పోలిక ఉందంటే ఉంది. దారిన పోయేవాడు గుర్తుపెట్టుకునేంత ఉంది, అంతే.

"కాలిబ్రేషన్ సరిపోలేదు," అన్నాడు నిహార్, కంగారుగా.

మూడు నెలలు సరిచేశాడు. రెండు వందలమంది మీద పరీక్షలు జరిపాడు. తల్లులు పిల్లల్ని, భర్తలు భార్యల్ని తలచుకున్నారు. అందరికీ అవే కళ్ళు, అదే మరక. తానూ పట్టీ కట్టుకుని, పదిహేనేళ్ళుగా కాపురం చేస్తున్న భార్య కీర్తనను తలచుకున్నాడు. బొట్టు స్పష్టంగా వచ్చింది. బొట్టు చుట్టూ ముఖం రాలేదు.

"యంత్రం ఓడిపోయిందమ్మా," అన్నాడు సంహిత దగ్గరకొచ్చి.

ఆమె తన మొదటి బొమ్మనూ, రెండు వందలమంది బొమ్మలనూ బల్లమీద పరుచుకుని చాలాసేపటి నుంచి చూస్తోంది. ఏది తనదో పోల్చుకోలేకపోయింది. అరవై అయిదేళ్ళుగా, లోకం కంటే తనకు ముఖాలు బాగా కనిపిస్తాయన్న నమ్మకంతో బతికింది. ఆ నమ్మకం ఆ బల్లమీద పోయింది.

"యంత్రం ఓడిపోలేదు బాబూ. ఉన్నదే చూపించింది. నేనూ అందరిలాగే చూస్తున్నాను."

"మరి మీ బొమ్మలు? ఆ పోలికలన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"తప్పుల్లోంచి." ఆమె వణుకుతున్న చేతిని రెండో చేత్తో పట్టుకుంది. "ముక్కు గీస్తాను. తప్పు వస్తుంది. ఎందుకు తప్పిందా అని మళ్ళీ చూస్తాను. అప్పుడే నిజంగా చూడ్డం. నీళ్ళరంగు పారిపోయి చూపించింది, నూనెరంగు ఆగి చూపించింది. ఏ రంగూ నా మాట వినలేదు కాబట్టే నేను మనుషుల వైపు చూశాను. నీ పలక నేనేం చెప్తే దానికి తలూపుతోంది. అదొక్కటే దాని లోపం."

"అయితే ఏం చెయ్యమంటారు?"

"నాకు ఎదురు చెప్పేలా చెయ్యి."

నిహార్‌కు ఇది వింతగా తోచింది. పనిముట్టును మొండిగా తయారుచేయమని అడిగినవాళ్ళు అతనికి అంతకు ముందు తారసపడలేదు. అయినా చేశాడు. కొత్త పలక ఒక షరతు పెట్టింది. ముఖంలో ఏ చిన్నభాగాన్నయినా ఏడు ఊపిరుల సేపు చెదరకుండా మనసులో నిలపాలి. నిలిపితేనే ఆ రేణువులు గట్టిపడతాయి. ఊహించి పూరించినదీ, అలవాటుగా అనుకున్నదీ చెరిగిపోతుంది.

బొమ్మకు కూర్చోవడానికి కీర్తన ఒప్పుకుంది. ఆమె రేవులో ఓడల రాకపోకలు చూసే ఉద్యోగి. మధ్యాహ్నం డ్యూటీ దిగి నేరుగా వచ్చేది. మొదటి వారం పలక మీద ఎడమ కనుబొమ చివర తప్ప ఏమీ నిలవలేదు. సంహిత చిరాకుపడింది, పట్టీ విసిరికొట్టింది, మళ్ళీ కట్టుకుంది. పద్దెనిమిదో రోజున పై పెదవి నిలిచింది. ఆ రోజు ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇంతసేపు నా వంక ఎవరూ చూడలేదండీ," అంది కీర్తన ఒకసారి.

"ఇబ్బందిగా ఉందా?"

"మొదట్లో ఉండేది. ఇప్పుడు రాకపోతే వెలితిగా ఉంటోంది." ఆపైన తనే అడిగింది. "మీకు రోజూ కొత్తగా ఏదో కనిపిస్తుందా?"

"కనిపించదు. నిన్న తప్పు చూశానని తెలుస్తుంది. అంతే."

నలభై ఒకటో రోజున బొమ్మ పూర్తయింది. అలసట, ఆ అలసటను దాచే మర్యాద, ఏదో అడగబోయి మానుకున్నట్టున్న పెదవులు, అన్నీ అందులో ఉన్నాయి. సంహిత జీవితంలో గీసిన మూడువేల ముఖాల్లో అంత మంచిది లేదు. పలక ముందు ఆమె చేతులు కట్టుకుని నిలబడింది. చెయ్యి వణుకుతూనే ఉంది, ఆమె పట్టించుకోలేదు.

నిహార్ చూసి, "చాలా బాగుందమ్మా," అన్నాడు. తర్వాత, "కానీ కీర్తన ఇంత అలసటగా ఉండదు," అని చేర్చాడు. పక్కనే ఉన్న కీర్తన ఆ మాట వింది. వెళ్ళేటప్పుడు సంహితను ఒక పలక అడిగి తీసుకువెళ్ళింది.

మరుసటి ఏడు మనోఫలకం మార్కెట్లోకి వచ్చింది. మనుషులు ఒకరినొకరు చూడటం నేర్చుకుంటారని నిహార్ వేదికల మీద చెప్పాడు. నలభై లక్షల పలకలు అమ్ముడుపోయాయి. ఏ పలక మీద ఏ రకం బొమ్మ నిలుస్తోందో ఆ సమాచారం, వాడేవాళ్ళ అనుమతితో, పేర్లు లేకుండా, ప్రయోగశాలకు చేరేది. ఆరునెలల తర్వాత నిహార్ దాన్ని తెరిచి చూశాడు. చూసి, ప్రింటు తీసుకుని సంహిత ఇంటికి వచ్చాడు.

"జనానికి ఏడు ఊపిరులు కష్టం కాలేదమ్మా. మొదటి రోజే, ఒక్క పూటలో, వెంట్రుకతో సహా గీసేశారు."

"అంత బాగా ఎవర్ని గీశారు?"

"ఎవర్ని వాళ్ళే. నూటికి తొంభై తొమ్మిది మంది. పాపిట కుడికుంటే ఎడమకు వచ్చింది. అద్దంలో కనిపించే ముఖమన్నమాట."

సంహిత నవ్వలేదు. "పాపం, రోజూ ఏడు ఊపిరులకు మించి చూసుకునేది అదొక్కటే కదా. మిగిలిన ఒక్క శాతం?"

"మొదలుపెట్టి వదిలేశారు. తనను కాక మరో మనిషిని గీసి పూర్తిచేసింది ఈ నగరంలో ఒక్కరే."

"ఎవరో నాకు తెలుసు." ఆమె లోపలికి వెళ్ళి ఒక పలక తెచ్చింది. "మొన్న మీ ఆవిడ వచ్చింది. ఏడాది పట్టిందట. తప్పులుంటే చెప్పండి అంది. నీ బొమ్మే. వెతికాను. ఒక్క తప్పు కూడా లేదు బాబూ."

నిహార్ ఆత్రంగా అందుకున్నాడు.

అందులో ముఖం లేదు. కుర్చీలో, తెర వైపు వంగి కూర్చున్న ఒక మనిషి వీపు ఉంది. భుజాల దగ్గర చొక్కా ముడతలు, చెవుల వెనక నెరుస్తున్న జుట్టు, ఎడమవైపు కాస్త మడతపడిన కాలరు, ఒక్కో పోగూ లెక్కపెట్టవచ్చు. కాలరుకు పైన, మెడమీద, గింజంత నల్లటి పుట్టుమచ్చ.

నిహార్ చెయ్యి వెనక్కి పోనిచ్చి మెడ తడుముకున్నాడు. తనకు అక్కడ పుట్టుమచ్చ ఉందని నలభై అయిదేళ్ళకు ఆ రోజే తెలిసింది.