మేస్త్రీ కోడలి కొత్త లేత్

మా పక్కింట్లో కొత్త లేత్ మిషన్ దిగిన రోజు వీధిలో సగం మంది చూడ్డానికి వచ్చారు. రాని సగం మంది దాని గురించి ఇంకా ఎక్కువ చెప్పారు. టైలరు దాన్ని చూసి, కుట్టుమిషనుకి పెద్దన్నలా ఉందన్నాడు. కిరాణా కొట్టాయన చుట్టూ ఒకసారి తిరిగి, "మంచి ఇనుము" అని తేల్చాడు. ఆయన దేన్నయినా తూకానికే చూస్తాడు. పెళ్ళిచూపుల్లో కూడా అలాగే చూశాడని వాళ్ళావిడ చెబుతుంది.

మిషన్ కొన్నది మేస్త్రీ కోడలు. కొయ్యముక్కని రెండు మొనల మధ్య బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి గుండ్రంగా తొలిచే మిషన్ అది. మంచం కోళ్ళు, ఉలి పిడులు, బొంగరాలు, అన్నీ దాని మీదే తయారవుతాయి. బతికున్నన్నాళ్ళూ ఆ ఇంట్లో ఆ పని పెద్ద మేస్త్రీది, అంటే ఆవిడ మామగారిది. పనివాడే, కాదనను. ఆయన చేసిన బల్లకి నాలుగు కాళ్ళూ సమానంగా ఉండేవి. మనుషులు మాత్రం ఎవరూ ఆయనకి సమానంగా కనిపించేవాళ్ళు కాదు. "ఆడచెయ్యి పడితే మిషన్ అదురుతుంది" అనేవాడు. కోడలు షెడ్డు బయట మెట్టు మీద కూర్చుని, కూరలు తరుగుతూ, బట్టలు మడతపెడుతూ, ఏళ్ళ తరబడి ఆయన పని చూసింది. చూస్తే అదిరే మిషన్ అయితే ఎప్పుడో ముక్కలై ఉండేది.

ఆయన పోయాక కొడుకు పాత మిషన్‌ని అమ్మేశాడు. ఈ కొడుకుని వీధిలో అందరూ ఊఁకొట్టు అంటారు. బస్సు డిపోలో పని. తండ్రి ఏం చెప్పినా ఊఁ, పెళ్ళాం ఏం చెప్పినా ఊఁ, ఇద్దరూ ఎదురెదురు మాటలు చెప్పినా ఊఁ. అలాంటివాడు కొత్త మిషన్ దిగిన మర్నాడు పొద్దున డిపోకి వెళ్తూ గుమ్మంలో ఆగి అన్న మాట నా చెవులతో విన్నాను.

"సాయంత్రం నేనొచ్చేలోపు ఒక్క వస్తువు సరిగ్గా చేసి చూపించు. లేకపోతే రేపు షాపువాళ్ళ బండి వచ్చి దీన్ని పట్టుకుపోతుంది. మళ్ళీ ఈ ఇంట్లో లేత్ మాట ఎత్తకూడదు."

అంత పొడుగు మాట ఆయన నోట్లోంచి రావడం అదే మొదలు. దవడలు నొప్పెట్టి ఉంటాయి.

మధ్యాహ్నం ముసురు పట్టింది. చీకటి కూడా పడినట్టే ఉంది. గొడుగు వేసుకుని నేను షెడ్డులోకి వెళ్ళాను. పనేం లేదు. చూడ్డమే పని.

రేకుల షెడ్డు. ఒకటే బల్బు. కొత్త రంగు వాసన, గ్రీజు వాసన, తడిసిన గోడ వాసన కలిసి గొంతులో పట్టుకుంటున్నాయి. రేకుల మీద వాన ఒకటే మోత. మేస్త్రీ కోడలు గాజులు తీసి కిటికీలో పెట్టింది. జుట్టు ముడి వేసి, కొంగు బిగించి దోపింది.

"ఏం చేస్తున్నావే అమ్మాయ్?"

"నా ఉలికి పిడి చేసుకుంటున్నా పిన్నీ. ఇంట్లో ఉన్నవేవీ నా చేతికి నప్పట్లేదు."

మిషన్‌కి బిగించి ఉన్న కొయ్య వైపు చూశాను. నల్లబడిన పాత టేకు. మధ్యలో పక్కపక్కనే మూడు గట్లు, ఉంగరాలు తొడిగినట్టు. అలాంటి మూడు గట్లు వేసేవాడు లోకంలో ఒక్కడే.

"ఇది... మీ మామగారి మంచం కోడు కదూ."

"అవును."

ఆ మంచం ఆయనే చేసుకున్నాడు. దాని మీదే పడుకున్నాడు. దాని మీదే పోయాడు.

"కోసేశావా?"

"ఒక్కటే కోశాను. ఇంకా మూడున్నాయిగా."

"మూడు కాళ్ళ మంచం మీద ఎవరు పడుకుంటారే?"

"నాలుగున్నప్పుడు మాత్రం ఎవరు పడుకుంటున్నారు? ఇంత ఎండిన టేకు బజార్లో దొరకదు పిన్నీ. దొరికినా అది నాతో పోట్లాడదు." నవ్వింది. "అడ్డంగా నిలబడకు. కట్టె ఊడితే నేరుగా మొహం మీదికే వస్తుంది."

నేను పక్కకి జరిగాను. ఈ మొహంతో ఇంకా చాలా ఇళ్ళకి వెళ్ళాల్సి ఉంది.

ఆవిడ కొయ్యని ముందు చేత్తో ఒక చుట్టు తిప్పి చూసింది. ఎక్కడా తగల్లేదు. స్విచ్ వేసింది.

మిషన్ సన్నగా గుయ్యిమంది. కొయ్య తిరిగింది. మూడు గట్లూ కలిసిపోయి మసకగా ఒక్క నీడలా అయ్యాయి. అదరలేదు. ఆవిడ నా వైపు తిరిగి కనుబొమ్మలు ఎగరేసింది.

అప్పుడు కొయ్య నెమ్మదించింది.

శ్శ్శ్శ్... అని చప్పుడు.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఈ వీధిలో పాతవాళ్ళందరికీ తెలుసు. పెద్ద మేస్త్రీకి ఓపిక తక్కువ. స్విచ్ కట్టేశాక కొయ్య దానంతట అది ఆగేదాకా ఉండేవాడు కాదు. తిరుగుతున్న కొయ్య మీద ఎడమ అరచెయ్యి వేసి ఆపేవాడు. రోజూ దీపాలు పెట్టే వేళకి గోడవతల నుంచి శ్శ్శ్ అని వినిపిస్తే, ఆయన పని అయిపోయిందని మేము అన్నాలకి లేచేవాళ్ళం.

ఇప్పుడు ఎవరూ స్విచ్ కట్టెయ్యలేదు.

కొయ్య ఆగిపోయింది. మోటారు మూలిగింది. ఆవిడ గబుక్కున ఎర్ర బటన్ నొక్కింది. బెల్టు చూసింది. మొనలు చూసింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

"కరెంటు తక్కువొస్తోందేమో" అన్నాను. బల్బు ఎప్పటిలాగే వెలుగుతోంది.

మళ్ళీ స్విచ్ వేసింది. మళ్ళీ తిరిగింది. మళ్ళీ... శ్శ్శ్శ్. ఈసారి వాసన వచ్చింది. కాలిన కొయ్య వాసన కాదు. గోరు దీపానికి తగిలితే వచ్చే వాసన.

ఆగిన కొయ్య చుట్టూ ఒక నల్లటి పట్టీ పడి ఉంది. ఆవిడ దాని మీద తన అరచెయ్యి ఆనించి కొలిచింది. పట్టీ రెండు వైపులా ఇంకా మిగిలింది.

"పిన్నీ," అంది గుసగుసగా, "ఆయన చెయ్యి ఎంత ఉండేది?"

జీవితంలో ఎవరైనా అడిగితే నేను చెప్పనిది అదొక్కటే.

"పదవే పోదాం" అన్నాను.

"పోతే రేపు బండి వస్తుంది."

"రానీ."

"రానివ్వను."

మూడోసారి స్విచ్ వేసింది. కొయ్య వేగం అందుకోకముందే చప్పుడు మొదలైంది. శ్శ్శ్శ్... మోటారు గొంతు మారింది. లోపల ఏదో కాలడం మొదలైంది. ఇంకాసేపు ఇలాగే లాగితే మోటారే పోతుంది. మోటారు పోతే, బండి రావాల్సిన పని కూడా లేదు. ఆవిడకి అది తెలుసు. చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకీ తెలుసు.

ఆవిడ ఉలి తీసింది. కొయ్య ముందున్న ఇనప కడ్డీ మీద ఆనించింది. ఉలి వెనక భాగాన్ని నడుముకి అదిమి పట్టుకుంది.

"మామయ్యగారూ," అంది. గొంతు పెంచలేదు. అన్నానికి పిలిచినట్టే పిలిచింది. "చెయ్యి తియ్యండి."

శ్శ్శ్శ్...

"నేను ఉలి పెడుతున్నాను. తర్వాత నన్నేమీ అనొద్దు."

వాన వినిపిస్తోంది. దాంతోపాటు... ఆ చప్పుడు.

పెట్టింది. సరిగ్గా నల్ల పట్టీ మీద.

కొయ్య మీద ఉలి పడితే వచ్చే చప్పుడు కాదది. మెత్తగా ఉంది. తడిగా ఉంది. నల్లటి పొట్టు వచ్చి ఆవిడ ముంజేతికి అతుక్కుంది. ఉలి అదిరింది. ఆవిడ మోచేతులు అదిరాయి. పళ్ళు బిగించి, ఒళ్ళంతా ఉలి వెనక పెట్టి తోసింది.

ఎవరో పళ్ళ సందుల్లోంచి ఊపిరి లోపలికి లాక్కున్నారు. స్స్... అని. వేలు తెగినప్పుడు లాక్కున్నట్టు. మా ఇద్దరికీ మధ్యలో.

నేను కాదు. ఆవిడా కాదు.

ఉన్నట్టుండి కొయ్య తేలికైపోయింది. మిషన్ పూర్తి వేగం అందుకుంది. నల్ల పొట్టు వెనకే ఎర్రటి పొట్టు, దాని వెనకే బంగారం రంగు పొట్టు, రిబ్బన్లలా ఎగిరి ఆవిడ భుజం మీద పడింది. మొదటి గట్టు పోయింది. రెండోది పోయింది. మూడో గట్టు దగ్గర ఆవిడ ఒక్క క్షణం ఆగింది. ఆగి, దాన్ని కూడా తీసేసింది.

సాయంత్రం ఊఁకొట్టు తడిసి ముద్దయి వచ్చాడు. ఆవిడ కొత్త పిడి ఆయన చేతిలో పెట్టింది. నున్నగా, తూకంగా, ఇంకా గోరువెచ్చగా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పాడు. టేకు ఎక్కడిదో గుర్తుపట్టాడు. ముఖంలో రంగు మారింది. ఏదో అనబోయాడు.

"బాగుందా?" అంది ఆవిడ.

"ఊఁ."

"బండి?"

కాసేపు ఆలోచించాడు. ఆ ఇంట్లో అది కూడా కొత్తే. "వద్దని ఫోన్ చేస్తాలే" అన్నాడు.

అప్పట్నుంచి ఆవిడ రోజూ పని చేస్తోంది. చుట్టుపక్కల వీధుల్లో కుర్చీలకీ తలుపులకీ ఆవిడ చేసిన కొయ్యే. టైలరు తన మిషన్‌కి తొక్కుడు కడ్డీ చేయించుకుని, తనే సలహా ఇచ్చానని చెప్పుకుంటున్నాడు. చెప్పుకోనీ, వాన రోజున ఆ షెడ్డులో ఆయన లేడు.

ఒక రోజు ఆవిడ పని చేస్తుంటే నేల చూశాను. అంతటా పొట్టు పరుచుకుని ఉంది. ఆవిడ నిలబడ్డ చోట రెండు పాదాల మేర ఖాళీ. అది ఉంటుంది. కానీ మిషన్‌కి అవతల, గోడకీ దానికీ మధ్య జానెడు సందులో కూడా రెండు ఖాళీలున్నాయి. అక్కడ పిల్లి కూడా పట్టదు.

ఆవిడకి చూపించాను.

"తెలుసు పిన్నీ. నిలబడనీ. నేను మెట్టు మీద కూర్చుని చూడలేదా ఇన్నేళ్ళూ?" అని ఊడ్చేటప్పుడు ఆ సందు వదిలేసింది.

మొన్న మళ్ళీ వెళ్ళాను. ఆవిడ నాకు వీపు పెట్టి, వంగి ఏదో సన్నపని చేస్తోంది. మిషన్ గుయ్యిమంటోంది. అవతల సందు నిండా పొట్టు ఉంది. ఖాళీలు లేవు. పోన్లే, వెళ్ళిపోయినట్టున్నాడు అనుకున్నాను.

అప్పుడు ఆవిడ వెనక్కి చూడకుండా కుడిచెయ్యి వెనక్కి చాపింది.

"ఉలి" అంది.

నేను గడప అవతలే ఉన్నాను. నా గొడుగు ఇంకా ముడవలేదు. నేను వచ్చినట్టు ఆవిడకి తెలియదు. లోపల ఇంకెవరూ లేరు.

అంతవరకూ గోడకి తగిలించి ఉన్న ఉలి ఇప్పుడు ఆవిడ చేతిలో ఉంది.

ఆవిడ దాన్ని వేళ్ళతో తడిమి చూసి, మళ్ళీ వెనక్కి చాపింది.

"ఇది కాదు. సన్నది."