దుప్పటి అవతలి శిష్యురాలు

నాందేడ్‌లో తన పేరు తెలియనివాళ్లు ఉండరని ఆసనాల మాస్టరు అంబదాస్ నమ్మకం. చిన్నప్పుడు జిన్నింగ్ మిల్లు దుమ్ముకు ఉబ్బసం పట్టి, గోదావరి ఒడ్డున మకాం వేసిన ఒక బైరాగి దగ్గర ప్రాణాయామం నేర్చి బాగుపడ్డాడు. బైరాగి కర్ర పట్టుకుని నేర్పేవాడు. అంబదాస్ కర్ర మానేశాడు గానీ నియమం మాత్రం వదల్లేదు. గురువు చెప్పేదాకా శిష్యుడు ఊపిరి బిగబట్టాల్సిందే.

కుండల్‌వాడి నుంచి వచ్చి పత్తి వ్యాపారం చేస్తున్న నర్సన్న, కూతురు విమలాబాయికి ఉబ్బసమని అతన్ని ఇంటికి పిలిపించాడు. పెళ్లీడు పిల్ల కాబట్టి గది మధ్యన దుప్పటి కట్టించాడు. ఇటు గురువు, అటు శిష్యురాలు.

మొదటిరోజే గొడవ.

“వీపు నిటారుగ పెట్టుండ్రి.”

“పెట్టిన.”

“పెట్టలే.”

“దుప్పట్లకెల్లి కనపడ్తుందా మాస్టర్ సాబ్? మరి ఎందుకు కట్టినట్టు?”

అంబదాస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా ఆ గొంతు బాగుందనిపించింది. వర్షాలు మొదలయ్యేసరికి గొడుగు మరిచి పరిగెత్తుకొచ్చే స్థితికి వచ్చాడు.

“తడిసినట్టున్నరు. ఆ మూలకు టువాల ఉంది, తుడుచుకోండ్రి” అనేది అవతలి గొంతు.

ఆ టువాలతో తల తుడుచుకున్న రోజే పెళ్లి చేసుకుంటే ఈ పిల్లనే అనుకున్నాడు.

ఇంకో వాన రోజు “గాలి పీల్చుండ్రి, ఆపుండ్రి” అన్నాడో లేదో, అరుగు మీంచి నర్సన్న చాయ్‌కి పిలిచాడు. కాబోయే మామ పిలిస్తే ఆగుతాడా. వెళ్లి కూర్చుని తన గొప్పలు మొదలుపెట్టాడు. భోకర్‌లో మంచం పట్టిన మనిషిని నడిపించిన కథ సగంలో ఉండగా లోపల ధబ్బున చప్పుడైంది.

దుప్పటి లాగి చూస్తే విమలాబాయి నేల మీద పడి ఊపిరందక కొట్టుకుంటోంది. ఇన్నాళ్లూ చూడాలని తపించిన ముఖాన్ని అతను మొదటిసారి అలా చూశాడు. తల్లి ఆవిరి పట్టించి, వీపు రాస్తే గానీ తేరుకోలేదు.

“ఎందుకు బిగవట్టుకున్నవే, పిచ్చిదానా?” అంది తల్లి.

“వదులుమని చెప్పలే గద.”

ఆ మాటలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది. అంబదాస్ తడుస్తూ ఇంటికి పోయి క్లాసులన్నీ ఆపేశాడు. శిష్యులు ఎదురైతే పక్క గల్లీలోకి తప్పుకున్నాడు. అద్దంలో తన ముఖం చూసుకోవాలన్నా సిగ్గేసింది.

చివరికి ఉండబట్టలేక నర్సన్న ఇంటికి వెళ్లాడు.

“ఏం మొఖం పెట్టుకొని అచ్చినవ్?” అన్నాడు నర్సన్న.

“ఇదొక్కటే ఉంది సేట్. తప్పు ఒప్పుకొని పోత.”

విమలాబాయి గడపలోకి వచ్చింది.

“ఆ పొద్దు మా నాయినతోని ఏం ముచ్చట పెట్టిండ్రు? నన్ను మరిచేటంత ముచ్చట ఏంది?”

అంబదాస్ తల వంచుకున్నాడు. “నా గొప్పలు. మిమ్ముల నాకిచ్చి చేస్తడేమోనని చెప్పుకున్న. మీకోసం చెప్పుకుంట మిమ్ములనే మరిచిన. అది తలుచుకుంటే తల ఎత్తబుద్ధయితలేదు.”

నర్సన్న దగ్గాడు. ఆమె ఒక అడుగు ముందుకేసింది.

“నేర్పుడు బంద్ చేసిండ్రంట?”

“నాకు తగదు.”

“ఊపిరి ఆగింది నాది, పని బంద్ చేసింది మీరు. మళ్ల నేర్పితే ఎట్ల నేర్పుతరు?”

అతను ఆలోచించి చెప్పాడు. “ఎవరి ఊపిరి ఎంతనో వాళ్లకే తెలుస్తది. ఎదురుగ కూసుండి నేను గూడ చేస్త. మొఖం చూసుకుంట నేర్పుత.”

“అట్లయితే నేర్చుకుంట.”

“పరాయి మొగోని ఎదురుగ ఎట్ల కూసుంటవ్ బిడ్డా?” అన్నాడు నర్సన్న.

“పరాయోడు గాకుండ చెయ్యుండ్రి నాయినా.”

అని లోపలికి వెళ్లిపోయింది. నర్సన్న గడప వైపు ఒకసారి, అంబదాస్ వంచిన తల వైపు ఒకసారి చూశాడు.

“మీ ఇంట్ల పెద్దోళ్లు ఎవరున్నరు? రేపు తోలియ్యి.”