మూడు దెబ్బలు

టక్! టక్! టక్!

ఆగింది.

మళ్ళీ... టక్! టక్! టక్!

వాన దంచికొడుతోంది. వాగు ఒడ్డున కత్తుల అక్క చెట్టు నరుకుతోంది. చేతిలో మూరెడు కత్తి. కమ్మరి తండ్రి చేసిచ్చింది. మొన నుంచి పిడి చివరి దాకా ఒకటే ఇనుము.

పైనుంచి ఏటవాలుగా దెబ్బ. కింది నుంచి ఏటవాలుగా ఇంకో దెబ్బ. మధ్యలో చెక్క లేచి ఎగురుతోంది.

"నీ బలం దాచుకోవే. కత్తి బరువుని పని చెయ్యనీ" అనేవాడు నాన్న.

మూడు దెబ్బలు. ఆగింది.

వెనక పొదలు కదిలాయి!

వస్తున్నాడు... సప్లయర్!

అక్క వీపున బ్యాగ్. అందులో ప్లాస్టిక్ కవర్లో ఇంకో కత్తి. చూడ్డానికి అచ్చం ఇలాంటిదే. అక్క కొట్టుకి సప్లయర్ వేసిన సరుకు.

నెల కిందట తమ్ముడు అడవి క్యాంపులో ఆ సరుకుతోనే కట్టెలు కొడుతుంటే పిడి చేతిలో ఉండిపోయింది. కత్తి ఊడి ఎగిరింది. పక్కనున్న మనిషి మెడలో దిగింది. ముందురోజు ఆ ఇద్దరికీ గొడవైంది. ఇంకేం? హత్య కేసు!

విరిగిన పిడి స్టేషన్లోనే మాయమైంది. మిగిలిన సరుకంతా సప్లయర్ కరిగించేశాడు. అక్క కొట్టులో ఒక్కటి మిగిలింది. రేపు అది కోర్టుకి చేరితే తమ్ముడు ఇంటికొస్తాడు. చేరకపోతే... రాడు.

రోడ్డు మీద సప్లయర్ మనుషులు కాపు కాశారు. అందుకే ఈ అడవి దారి.

ఫెళ్... ఫెళ్... ధన్!

చెట్టు వాగుకి అడ్డంగా పడింది. అక్క బల్లిలా దాని మీద పాకింది. అవతలి ఒడ్డు!

"చెల్లెమ్మా!"

ఇవతల సప్లయర్. చేతిలో పిస్టల్.

"టకటకా కొట్టి ఎక్కడున్నావో నువ్వే చాటింపు వేశావు కదమ్మా! వ్యాపారం చేసేదానికి ఇంత తెలివితక్కువేంటి?"

"బేరానికొచ్చావా అన్నయ్యా?"

"కవరు విసురు. ప్రాణం ఉంచుకో."

అక్క లెక్క వేసింది. గుండు తగిలితే తనూ పోతుంది, కత్తీ పోతుంది. విసిరితే ఒకటే పోతుంది.

విసిరింది.

సప్లయర్ కవరు చించాడు. కత్తి నడుముకి దోపుకున్నాడు. నవ్వాడు.

"సాక్ష్యం అయిపోయింది. ఇక సాక్షి!"

ఢాం!

అక్క బండ చాటుకి దూకింది. గుండు బండకి తగిలి పక్కకి పోయింది.

సప్లయర్ చెట్టెక్కాడు. పాకలేదు... నడిచాడు! తడి మొద్దు మీద తోలు బూట్లు!

జారాడు.

మొద్దు దొర్లింది. బండకీ కొమ్మకీ మధ్య కాలు ఇరుక్కుంది. పిస్టల్ వాగుపాలు. పైన వాన... నీళ్ళు నడుము దాటాయి.

నడుము నుంచి కత్తి లాగాడు. కొమ్మని నరకబోయాడు.

"దాంతో కొట్టకు!" అక్క అరిచింది.

ఒకటి! రెండు! మూడు...

పిడి మిగిలింది. కత్తి ఎగిరొచ్చి అక్క పాదం పక్కన బురదలో దిగింది. పిడిలోకి దిగాల్సిన తోక... బొటనవేలంత కూడా లేదు.

"చెల్లెమ్మా! నీ కత్తి ఇటు పడెయ్!"

"నా కత్తెందుకు? నీది మనవళ్ళ కాలం దాకా వస్తుందన్నావుగా?"

"నీళ్ళు ఛాతీకొచ్చాయే!"

"నాకూ కనిపిస్తోంది. ఆ తోక ఎవరు కోయించారు?"

"ముందు నన్ను లాగు!"

"ముందు సరుకు చూపించు అన్నయ్యా. గట్టిగా చెప్పు. వాన హోరు!"

నీళ్ళు గడ్డానికి తగిలాయి.

"నేనే! ఇనుము మిగులుతుందని నేనే కోయించా! ఊడుతుందని తెలిసే అమ్మేశా! నీ తమ్ముడు ఎవర్నీ చంపలేదు! చాలా?"

చాలు.

అక్క నీళ్ళలోకి దిగింది. కొమ్మ మొదట్లో కత్తి ఆనించింది. కర్రతో కత్తి వీపు మీద కొట్టింది. ఒకటి. రెండు. మూడు. కొమ్మ నిలువునా చీలింది. కత్తికి ఈనెంత పగులు లేదు.

కాలర్ పట్టి వాణ్ణి ఒడ్డుకి ఈడ్చింది. ఆయాసంతో మోకాళ్ళ మీద కూలబడింది.

మరుక్షణం...

వాడు ఆమె చెయ్యి మెలిపెట్టాడు! నాన్న కత్తి వాడి చేతిలో! మొన ఆమె గొంతు మీద!

"నేనన్నది ఎవరు విన్నారే పిచ్చిదానా? వానా?"

అక్క నవ్వింది.

"ఇన్నేళ్ళు క్యాంపు కత్తులు అమ్మావు. ఒక్కరోజైనా క్యాంపులో ఉన్నావా అన్నయ్యా?"

"ఏంటే వాగుతున్నావ్?"

"అడవిలో కట్టెలు కొట్టేవాడు కొడుతూనే ఉంటాడు. మూడు కొట్టి ఆగితే, మళ్ళీ మూడు కొట్టి ఆగితే..."

ఢాం!

ఆకులు రాలాయి. బండ మీద తుపాకీ పైకెత్తి ఫారెస్ట్ గార్డు!

"ఆపదలో ఉన్నాం, రమ్మని" అన్నాడు గార్డు. తుపాకీ కిందికి దించి సప్లయర్ ఛాతీకి గురిపెట్టాడు. "ఆ దెబ్బలకే పరిగెత్తుకొచ్చా. నువ్వు 'నేనే' అన్న దగ్గర్నుంచీ అంతా విన్నా. కత్తి పడెయ్!"

సప్లయర్ వేళ్ళు వదులయ్యాయి.

"విసిరెయ్యకు" అంది అక్క. "మెల్లగా పెట్టు. అది మా నాన్న చేసింది."